కంచెకు అవతలి ఆకు

జూన్ 12, గురువారం. ఉదయం 7

నేరం: నాలుగు మందార చెట్లను మొదలంటా నరకడం. చేసినవాడు: రంగప్ప, మా పెరటికి తూర్పున మల్బరీ తోట ఉన్న రైతు. సమయం: నేను నిద్ర లేవకముందు. ఆయుధం: మచ్చుకత్తి. సాక్షి: మా అవ్వ ఖాతూన్‌బీ. సాక్షి నోరు విప్పడం లేదు.

ఏ కరపత్రమైనా మొదట తప్పేమిటో చెప్పాలి, తర్వాత ఎవరు చేశారో చెప్పాలి. కారణాలూ కవిత్వమూ ఆ తర్వాత. నా ట్రంకుపెట్టెలోని కరపత్రాలన్నీ చదివి నేను నేర్చుకున్నది ఇదే. డైరీకి మాత్రం వేరే న్యాయం ఎందుకు?

మిగతాది రైల్లో రాస్తాను.

ఉదయం 9. హిందూపురం ప్యాసింజర్‌లో

అవ్వను నిలదీశాను. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, మందారమే కదరా, మళ్లా చిగురేస్తాదిలే, పొద్దున్నే అరవాకు, టీ తాగు అంది. కొమ్మలన్నీ కంచె పక్కన మా వైపే కుప్పగా పడి ఉన్నాయి. వాటిని కాల్చేయాలని అవ్వ అగ్గిపెట్టె తెచ్చింది. లాక్కున్నాను. అవి కొమ్మలు కావు, సాక్ష్యం. ఒక్క ఆకు కూడా కదపకూడదని చెప్పి కుప్ప చుట్టూ తాడు కట్టి వచ్చాను.

అవ్వ నా తాడును కాసేపు చూసి, బోర్డు కూడా పెట్టరా, టికెట్ పెట్టి చూపిద్దాం అంది.

సాయంత్రం 6.30

రంగప్పను అడిగాను. ఆదివారం కొత్త పట్టుపురుగులు దిగుతాయట, షెడ్డుకు బ్లీచింగ్ నీళ్లు కొడుతున్నాడు. ఎవరిని అడిగి నరికావు రంగప్పా అన్నాను. పుట్టినప్పటినుంచీ మామా అని పిలిచేవాణ్ని. ఆయన గమనించాడు. ఏమప్పా ఫిరోజూ, మామ పోయి రంగప్ప అయితినా అన్నాడు. పెద్దోళ్లతో మాట్లాడినాలే, పోయి మీ నాయన్ని అడుగుపో, నాకు చేతినిండా పని ఉండాది అన్నాడు. చేతిలో పైపు మాత్రం ఆపలేదు.

నాయనను అడిగాను. నాయనకు పెనుకొండ బస్టాండు దగ్గర బంకు ఉంది. బీడీలు, సిగరెట్లు, ఆకూ వక్కా, కాడ పొగాకు. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుంటూ, పోనీలేరా, చెట్లే కదా అన్నాడు. నా ముఖం చూడలేదు.

సలాం కొడుకును నేను. మా నాయన భయపడుతున్నాడని ఈ రోజు రాస్తున్నాను.

జూన్ 13, శుక్రవారం

ఆ చెట్లు ఎందుకంత ముఖ్యమో రాసి పెట్టాలి. కోపం చల్లారితే మర్చిపోతాను. చల్లారకూడదు.

మాకు కొళాయి మూడు రోజులకొకసారి వస్తుంది. అమ్మ పోయాక నీళ్లు పట్టేది, మోసేది అవ్వే. అయినా ఏటా బంతి నారు పోసేది, చేమంతి పెట్టేది, ఎండాకాలం అవన్నీ మాడిపోతే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేది. ఒక చేత్తో మోకాలు పట్టుకుని బిందె దించుతుంటే చూడలేకపోయేవాణ్ని. రెండేళ్ల కిందట రైలు సీటు మీద ఎవరో వదిలేసిన కరపత్రం దొరికింది. ఏటేటా నాటనవసరం లేని తోట గురించి. హిందూపురం చేరేలోపు దాన్ని నాలుగుసార్లు చదివాను.

ఆ వారమే మొదలుపెట్టాను. దున్నలేదు, తవ్వలేదు. నేల మీద జానెడు మందాన వేరుశనగ పొట్టు పరిచాను. పదహారు పాత కుండలు మెడ దాకా పాతాను. వాటిని వారానికొకసారి నింపితే చాలు, మట్టి తనకు కావలసినంత మెల్లగా పీల్చుకుంటుంది. కరివేపాకు, మునగ, గోరింట, సీతాఫలం. నీడన పొన్నగంటి, నిమ్మగడ్డి. పందిరికి దొండ. ఇవన్నీ ఒకసారి పాతుకుంటే పోయేవి కావు. కోస్తే మళ్లీ వస్తాయి. తూర్పున కంచె వెంబడి నాలుగు మందారాలు, పచ్చటి గోడలాగా.

మేము లేకపోయినా బతికే తోట. యజమాని లేడు, కూలి లేడు, ఎవరికీ ఎవరితోనూ అవసరం లేదు. లోకం మొత్తం అలా ఉండాలని నా ఆశ. లోకంలో నాకు దొరికింది రెండు సెంట్లు. అందులోనూ చేయి పెట్టారు.

జూన్ 14, శనివారం

షాపులో పని తక్కువ. హిందూపురంలో సాయినాథన్నది జిరాక్స్, డీటీపీ, పెళ్లికార్డుల షాపు. నేను టైపు కొడతాను. మధ్యాహ్నం నా కరపత్రం కంపోజ్ చేశాను. హెడ్డింగు: మందారాలను నరికిన చేయి ఎవరిది?

సాయినాథన్న స్క్రీన్ మీద చదివి, ఏందబ్బా ఇది, మనిషిని చంపినట్టు రాస్తాండావు అన్నాడు. మనుషులు పోతే ఫ్లెక్సీ, చెట్లు పోతే నోటీసు, మన షాపుకు ఇంక తిరుగులేదు అన్నాడు. కాని యాభై కాపీలు కొట్టుకోమన్నాడు. మంచివాడే.

చివరి వాక్యం: 18వ తేదీ బుధవారం సాయంత్రం ఐదు గంటలకు సలాం గారి పెరటికి తరలిరండి. సాక్ష్యాన్ని కళ్లారా చూడండి.

జూన్ 15, ఆదివారం

ఈ రోజు నా కళ్లతో చూసింది ఏ కరపత్రంలోనూ పట్టదు.

రంగప్ప షెడ్డుకు పురుగులు వచ్చాయి. పిల్లపురుగులను పెంచి ఇచ్చే చాకీ సెంటర్ నుంచి వ్యానులో ట్రేలు దిగాయి. గంగులమ్మ, అంటే రంగప్ప భార్య, తలుపుకు పసుపు రాసి నిమ్మకాయ కట్టింది. వ్యాను డ్రైవరు లోపలికి వెళ్లాడు. కూలికి వచ్చిన ఇద్దరూ వెళ్లారు. దారిన పోతున్న వెంకటప్ప కూడా కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి పురుగులు చూసి వచ్చాడు. మా నాయన మాత్రం పది అడుగుల దూరంలో, నీళ్ల తొట్టి పక్కన నిలబడ్డాడు. గంగులమ్మ లోపలి నుంచే, సలామన్నా, నువ్వు ఆడే ఉండప్పా, కాఫీ ఆడికే తెస్తా అంది. తెచ్చింది. నాయన నిలబడే తాగాడు.

ఇన్నేళ్ల స్నేహం ఆ గడప దాటదు.

ఇంటికొచ్చాక అడిగాను. వాళ్ల పద్ధతి వాళ్లదిరా, దాంట్లో ఏముండాది అన్నాడు. పద్ధతి! ఈ దేశంలో ఆ ఒక్క మాట వెనక ఎన్ని అవమానాలు దాక్కున్నాయో. ఇప్పుడు అర్థమైంది. చెట్లు అడగకుండా నరికే ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో అర్థమైంది.

జూన్ 16, సోమవారం

అంటించాను. బస్టాండు, పాల కేంద్రం, రేషన్ షాపు. నాయన బంకు మీద కూడా.

జూన్ 17, మంగళవారం

నాయన బంకు మీదిది చింపేశాడు. నాతో మాట్లాడటం లేదు.

హరీష్ ఫోన్ చేశాడు. రంగప్ప కొడుకు, నాతో పదో తరగతి దాకా ఒకే బెంచీ. ఇప్పుడు ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఏంరా, మా నాయన మీద నోటీసు కొట్టినావంట, ఒక ఫోటో కూడా వేసింటే ఫ్రేము కట్టించుకుంటాండ్య కదా అన్నాడు. నవ్వకుండా ఫోన్ పెట్టేశాను.

జూన్ 18, బుధవారం. సాయంత్రం 5

పెరట్లో చాప పరిచాను. సాక్ష్యం తాడు బిగించాను.

సాయంత్రం 6.15

ఎవరూ రాలేదు. అవ్వ ఒక్కతే కుర్చీ వేసుకుని కూర్చుంది. మాట్లాడరా, నేను వింటా కదా అంది.

జూన్ 21, శనివారం

సీతాఫలం కొమ్మల కింద తెల్లటి పిండి. ముట్టుకుంటే జిగట. పిండినల్లి. గోరింట చిగుళ్లకూ పట్టింది. రెండేళ్లలో నా తోటకు ఏ రోగమూ రాలేదు. మందారాలు పోగానే వచ్చింది. పచ్చటి గోడ పోయింది, జబ్బు చొరబడింది. ఇదీ రంగప్ప ఖాతాలోకే.

అవ్వ కుప్ప వైపు చూపించి, ఆ కొమ్మల్లోనుంచే పాకుతాండాయి, అప్పుడే కాల్చేద్దామంటే వినకపోతివి అంది. అవ్వకు అన్నీ తెలుసని అవ్వ నమ్మకం.

జూన్ 22, ఆదివారం

అవ్వ చెప్పింది నిజం. తాడు విప్పి కుప్ప ఎత్తి చూశాను. ఎండిన మందార రెమ్మల మీద తెల్లగా, వేలకు వేలు. అవి మందారాల మీద ముందునుంచీ ఉండి ఉంటాయి. నేను పువ్వులు చూశాను, ఆకు అడుగున చూడలేదు.

కాల్చాను. ఆలస్యమైంది.

రసాయనం కొట్టను. ఏం జరిగినా కొట్టను. ట్రంకుపెట్టె అంతా దిగబోసి వెతికితే ‘విషం లేని పెరడు’ అనే నాలుగు పేజీల కరపత్రంలో దొరికింది. కిలో పొగాకు కాడలు, పది లీటర్ల నీళ్లు, అరగంట మరగాలి, చల్లారాక వడకట్టి సబ్బు నీళ్లు కలపాలి. పూర్తిగా ప్రకృతి. పొగాకు కాడలకు మా ఇంట్లో కరువా?

జూన్ 24, మంగళవారం

మరిగించాను. ఇల్లంతా ఘాటు. అవ్వ దగ్గుతూ బయట కూర్చుంది. నాయన బంకులో అడుగున మిగిలే దుమ్ము కూడా కలిపాను. కరపత్రంలో చెప్పినదానికంటే చిక్కగానే వచ్చింది.

జూన్ 25, బుధవారం. సాయంత్రం 6

కొట్టేశాను. పడమటి గాలి విపరీతం, మునగ కొమ్మ విరిగేలా ఊగింది. తుంపర ముఖాన పడకుండా గాలికి వీపు పెట్టి కొట్టమని కరపత్రంలో ఉంది. అలాగే, తూర్పుకు తిరిగి, కంచె దాకా తడిపాను. వీపు స్ప్రేయర్‌తో రెండు ట్యాంకులు.

ఒళ్లు హూనమైంది. కాని న్యాయం చేసినట్టుంది.

జూన్ 26, గురువారం

పిండినల్లి నల్లబడి రాలుతోంది. గెలిచాను!

జూన్ 27, శుక్రవారం. ఉదయం 8

గంగులమ్మ ఏడుపుతో మెలకువ వచ్చింది.

పురుగులు చనిపోతున్నాయట. అవ్వ వెళ్లి చూసి వచ్చి చెప్పింది. నాలుగో జ్వరం దాటి లేచాయట. పొర విడిచే ముందు పురుగులు మేత మాని పడుకునే నిద్రను వాళ్లు జ్వరం అంటారు. లేచిన తర్వాతే అసలు ఆకలి, వారం రోజులు తిని గూడు కడతాయి. నిన్న ఆకు వేసిన రాక్‌లలో రెండింటి మీద పురుగులన్నీ తలలు పైకెత్తి, పచ్చగా కక్కుతూ, ముడుచుకుపోతున్నాయట. చేత్తో ఎత్తితే నీళ్లలా ఉన్నాయి తల్లీ అని అవ్వ తనలో తాను అనుకుంటోంది.

నాకు లోపల ఎక్కడో సంతోషం వేసింది. ఇది రాయకూడదు. రాశాను.

ఉదయం 9.30

రంగప్ప హరీష్‌ను కొట్టాడు. వీధిలో, అందరి ముందర. మేత పనికి సెలవు పెట్టి వచ్చిన కొడుకును. జేబులో సిగరెట్ పెట్టె దొరికిందట. నీ పొగే వాటికి పట్టింది, నెల కష్టం నీ రెండు దమ్ములకు పాయె కదరా అని చెంప మీద ఒక్కటి ఇచ్చాడు. హరీష్, నేను షెడ్డులో తాగలేదు నాయనా, చేతులు సబ్బుతో కడుక్కున్నా అని మళ్లీ మళ్లీ అంటున్నాడు.

తర్వాత మా గుమ్మం ముందుకొచ్చాడు. ఏమప్పా సలామూ, పురుగులున్నన్నాళ్లు నా కొడుక్కు సిగరెట్ అమ్మొద్దని నీకు చెప్పినానా లేదా అన్నాడు. నాయన తల దించుకుని, చెప్పినావు రంగప్పా, అమ్మినా, తప్పే అన్నాడు. అబద్ధం చెప్పవచ్చు. చెప్పలేదు. ఈ రోజు బంకు తెరవలేదు.

సాయంత్రం 7

ఒక్క సిగరెట్ పొగకు రెండు రాక్‌ల పురుగులు పోతాయా?

జూన్ 28, శనివారం. ఉదయం 11.30. షాపు

ఎవరో రైతు పట్టు పెంపకం బుక్‌లెట్ జిరాక్స్‌కు ఇచ్చి టీకి వెళ్లాడు. ఇరవై నాలుగు పేజీలు. ఒక్కొక్క పేజీ గాజు మీద పెడుతూ చదవడం నా అలవాటు. పదిహేడో పేజీ.

పొగాకు పంట దగ్గర మల్బరీ వేయకూడదు. పొగాకు కషాయం పడిన ఆకు మేపితే పురుగులు తల పైకెత్తి, కక్కి, ముడుచుకుని చనిపోతాయి. పొగాకు ముట్టిన చేతులతో షెడ్డులోకి ఎవరూ వెళ్లకూడదు.

మూడు వాక్యాలు. ఆ పేజీని పదకొండు సార్లు జిరాక్స్ తీశానట. సాయినాథన్న వచ్చి మిషన్ ఆపాడు. ఏమైందబ్బా, ముఖం పాలిపోయిందే అన్నాడు. కడుపులో నొప్పి అన్నాను. పో, ఇంటికి పో అన్నాడు.

మా నాయన పది అడుగుల దూరంలో నిలబడింది పొగాకు చేతులున్నందుకు. వెంకటప్ప లోపలికి వెళ్లింది ఆ చేతులు లేనందుకు. దాన్ని నేను ఏమని రాశానో పదమూడు రోజుల కిందటి పేజీలో ఉంది. చింపను.

మధ్యాహ్నం 2.10

రైలు పెనుకొండలో ఆగింది. నేను దిగలేదు.

సాయంత్రం 4. ధర్మవరం, సల్మా అత్త ఇల్లు

అత్త అంటే నాయన చెల్లెలు. ఇంట్లో మగ్గం ఉంది, తను కండెలు చుడుతుంది. నన్ను చూసి, ఏంరా నోటీసుల నాయకుడా, ఈ పక్క వచ్చినావు అంది. చేయి ఆగలేదు. పసుపుపచ్చటి పట్టు దారం కండె మీదికి పాకుతోంది. దాన్ని చూడలేక గోడ చూశాను.

అన్నీ చెప్పలేదు. మందారాల సంగతి మొదలుపెట్టానో లేదో అత్త నవ్వింది. అవి నరుక్కోమన్నది మీ నాయనే కదరా అంది. మందారాల మీది తెల్ల పురుగు రంగప్ప తోటకు పాకి, చిగుళ్లన్నీ ముడుచుకుపోతున్నాయని రంగప్ప మూడుసార్లు వచ్చి అడిగాడట. నాయన సరేనన్నాడట. తర్వాత అత్తకు ఫోన్ చేసి, వానికి ఎట్ల చెప్పల్లో తెల్దు సల్మా, వాడు ఎగురుతాడు, నాకు భయంగా ఉండాది అన్నాడట.

నాయనకు భయం ఉన్న మాట నిజం. రంగప్ప అంటే కాదు. నేనంటే.

సాయంత్రం 5.15

వాళ్లు ఇంకా సిగరెట్ పొగే అనుకుంటున్నారు. అంటే మా కంచె పక్క ఆకునే కోసి వేస్తూ ఉంటారు!

ఈ మాట నాకు తట్టడానికి ఇంతసేపు పట్టింది. పొద్దున పదకొండున్నర నుంచి నా గురించే ఆలోచిస్తున్నాను. ఆకు గురించి ఆలోచించలేదు.

సాయంత్రం 5.30

హరీష్‌కు ఫోన్ చేశాను. సాయంత్రం మేతకు ఆకు కోసేశాం, మీ కంచె పక్క వరుసలే లేతగా ఉండాయి అన్నాడు. ఆ ఆకు వేయొద్దురా అన్నాను. ఎందుకన్నాడు. నేను వచ్చి చెప్తా, వేయొద్దంతే అన్నాను. మా పురుగులు చస్తాంటే ఇప్పుడు మా ఆకు మీద కూడా నోటీసు కొడతావా, నీ కోపం కొంచెం పక్కన పెట్టుకోరా అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆ ఆకు వేయొద్దని మెసేజ్ పెట్టాను, చూడలేదు.

నా కరపత్రం చదివినవాడు నా మాట ఎందుకు నమ్మాలి?

సాయంత్రం 5.40. బస్సులో

ఫోన్‌లోనే చెప్పి ఉండాల్సింది. పొగాకు కషాయం. రెండే మాటలు. నాయన నంబరుకు చేశాను, స్విచాఫ్. అవ్వకు ఫోన్ లేదు. బస్సు ప్రతి స్టేజీలో ఆగుతోంది. డ్రైవర్‌ను చూస్తే కొట్టాలనిపిస్తోంది. అతను ఏ తప్పూ చేయలేదు.

జూన్ 29, ఆదివారం. ఉదయం 6

రాయాలి. వరుసగా రాయాలి.

నిన్న సాయంత్రం ఏడు దాటి పావుగంటకు దిగాను. బస్టాండు నుంచి పరుగెత్తాను. షెడ్డు ముందర కొత్త ఆకు గంపలు. రెండు గంపలు అప్పటికే లోపలికి పోయాయి. మూడోదాన్ని గంగులమ్మ ఎత్తుతుంటే కాలితో తన్ని కింద పడేశాను. ఆమె కేక పెట్టింది. రంగప్ప బయటికి వచ్చాడు, హరీష్ వచ్చాడు, మా నాయన వచ్చాడు. నేను రొప్పుతూ చెప్పాను. బుధవారం సాయంత్రం. పొగాకు కాడలు. రెండు ట్యాంకులు. గాలి మీ పక్కకు వీచింది.

దెబ్బ కోసం చూశాను. రంగప్ప కొట్టలేదు. ఏ వరుస దాకా అన్నాడు. అర్థం కాలేదు. తుంపర ఏ వరుస దాకా పడిందిరా, యాడ నిలబడి కొట్టినావో ఆడ నిలబడి చూపించు అన్నాడు. నిలబడి చూపించాను. ఆకు తెంపి వాసన చూస్తూ, వరుసలు లెక్కపెట్టుకుంటూ లోపలికి నడిచాడు. పద్నాలుగు. సగం తోట. మందారాలు ఉండింటే కొంచెమన్నా ఆగుతాండె అన్నాడు. తనను తానే అనుకున్నాడు. ఆ మాట నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

అప్పుడే వేసిన ఆకును లోపల ఎత్తేస్తున్నారు. సాయం చేయబోయాను. గంగులమ్మ చేయి అడ్డం పెట్టింది. నీ చేతులతో రావద్దు. నోరు మూసుకోవాల్సిన నాడు ఊరంతా నోటీసులు అంటిస్తివి, నోరు తెరవాల్సిన నాడు ధర్మవరం పోయి కూర్చుంటివి అంది.

పోయి నీళ్ల తొట్టి దగ్గర నిలబడ్డాను. నాయన అక్కడే ఉన్నాడు. పది అడుగుల దూరం. ఇద్దరం పక్కపక్కన. నాయన, ఏమన్నా తిన్నావా అని అడిగాడు.

హరీష్ గంప పట్టుకుని మా ముందు నుంచి పోతూ ఆగాడు. ఆ చెంపదెబ్బ నీదిరా, నేను మోస్తాండా అన్నాడు. నవ్వాడో లేదో చీకట్లో తెలియలేదు.

ఉదయం 11

రెండు రాక్‌లు పూర్తిగా పోయాయి. మూడోది సగం. బతికినవి మూడున్నర. అవి గూడు కట్టడానికి ఇంకా ఐదు రోజులు తినాలి. మంచి ఆకు రేపు మధ్యాహ్నం దాకా వస్తుంది. తర్వాత లేదు. ఆకు లేకపోతే అవి కూడా పోతాయి. విషం అక్కర్లేదు, ఆకలి చాలు.

రొద్దం దారిలో ఎల్లప్ప అనే రైతుకు ఒకటిన్నర ఎకరా మల్బరీ ఉందని సల్మా అత్త భర్త ఫోన్‌లో చెప్పాడు. సైకిల్ మీద వెళ్లాను. ముసలాయన. ఈసారి పురుగులు పెట్టలేదట, ఆకు ముదిరిపోతోందట. కథంతా చెప్పాను, దాచకుండా. ఆయన చుట్ట వెలిగించబోయి, నా ముఖం చూసి జేబులో పెట్టుకున్నాడు. ఆకు కోసుకోపోప్పా, అది ఎట్లాగూ నరికేసేదే అన్నాడు. కాని కోసేవాళ్లు యాడ దొరుకుతారు, ఎండ ఎక్కకముందే కోసి తడి గోనెల్లో చుట్టాల, పూటకు పదిహేను మంది అన్నా కావాల అన్నాడు.

పదిహేను మంది. మొన్న 18వ తేదీన నాకు వచ్చింది ఒక్కరు. ఆమె మోకాళ్లు వంగవు.

మధ్యాహ్నం 3

రంగప్ప మామకు చెప్పాను. ఆదివారం, యాడ తెస్తావప్పా అంతమందిని అన్నాడు. తెస్తానని అనలేదు. అడుగుతానన్నాను. పురుగులు తిని గూడు కట్టేదాకా ఆగేవి కావు, అది ఒక్కటి గుర్తు పెట్టుకో అన్నాడు.

ఎవరి అవసరమూ లేని తోట అని గొప్పగా రాసుకున్నాను. ఈ రోజు పెరట్లోకి వెళ్లి చూశాను. నేను రెండు రోజులుగా ఇటు చూడలేదు, అన్నీ పచ్చగానే ఉన్నాయి. కరివేపాకు చిగురేసింది. మందారపు మోడులకు కూడా ఎర్రటి కళ్లు వచ్చాయి. అవ్వ చెప్పినట్టే. గడ్డపార తెచ్చి నాలుగు మోడులనూ వేళ్లతో పెకిలించాను. అవ్వ చూస్తూ కూర్చుని, ఆడ మల్బరీ కొమ్మలు గుచ్చురా, దానికీ నీళ్లు పెద్దగా అక్కర్లేదు అంది. వానలు పడనీ అవ్వా అన్నాను.

సాయినాథన్న ఆదివారమైనా షాపు తెరిచి ఉంచుతానన్నాడు. కొత్త కరపత్రం మాటర్ వాట్సాప్‌లో పంపమన్నాడు, నాలుగున్నర రైలుకు కట్ట పంపిస్తాడట.

సాయంత్రం 5.30. మాటర్ కాపీ

తప్పు: పురుగులు తినే ఆకు మీద పొగాకు కషాయం కొట్టడం. తెలిశాక అరపూట దాచడం. చెట్లు నరికాడని ఒక మంచి మనిషి పేరు ఊరంతా అంటించడం.

చేసినవాడు: ఫిరోజ్, బంకు సలాం కొడుకు.

రంగప్ప మామ షెడ్డులో మూడున్నర రాక్‌ల పురుగులు బతికే ఉన్నాయి. వాటికి రేపటి నుంచి ఐదు రోజులు ఆకు కోయాలి. ఆకు ఎల్లప్ప గారి తోటలో ఉంది. చేతులు లేవు.

రేపు, సోమవారం, ఉదయం ఐదున్నర గంటలకు సలాం బంకు ముందుకు రండి. బంకు మూసి ఉంటుంది. కొడవలి, తడిపిన గోనెసంచి తెచ్చుకోండి. బీడీ తాగేవాళ్లూ ఆకూ వక్కా వేసేవాళ్లూ కూడా రండి. బకెట్లో నీళ్లు, సబ్బు పెట్టుకుని నేను ఐదింటికే అక్కడ ఉంటాను.